రహదారి పక్కన రెండు వేల ఏళ్లు

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే బస్సులు చాలావరకు సూర్యాపేటలో ఆగుతాయి. సగం దూరం వచ్చేశామనుకుంటూ ప్రయాణికులు దిగుతారు, టిఫిన్ తింటారు, చాయ్ తాగుతారు, మళ్లీ ఎక్కి కూర్చుంటారు. గంట తిరక్కుండానే కోదాడ దాటి ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లిపోతారు. 65వ నంబరు జాతీయ రహదారి మీద ఏటా లక్షల మంది ఇలాగే వెళ్తున్నారు. ఆ దారికి ఇరువైపులా బౌద్ధ స్తూపం నుంచి సాగర్ కాలువ దాకా రెండు వేల ఏళ్ల చరిత్ర పరుచుకుని ఉందని మాత్రం వాళ్లలో చాలామందికి తెలియదు.

2016 అక్టోబరు 11న పాత నల్లగొండ జిల్లాను విడదీసినప్పుడు సూర్యాపేట జిల్లా ఏర్పడింది. కోదాడ, హుజూర్‌నగర్, తుంగతుర్తి ఇందులోకి వచ్చాయి. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే ఉండిపోయింది. కాగితం మీద జిల్లాలు వేరైనా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలు ఒకే చరిత్రను పంచుకున్నాయి. మూసీ, కృష్ణ నదులు, వాటి పక్కన సాగిన బాటలు వీటిని ఎప్పటి నుంచో కలిపే ఉంచాయి.

ఫణిగిరి గుట్ట

సూర్యాపేటకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, నాగారం మండలంలో, మూసీలో కలిసే బిక్కేరు వాగు ఒడ్డున ఫణిగిరి ఉంది. ఊరిని ఆనుకుని ఉన్న గుట్ట ఎక్కితే పైన మహాస్తూపం, చైత్యాలు, భిక్షువులు నివసించిన విహారాల పునాదులు, స్తంభాల మండపం కనిపిస్తాయి. నిజాం కాలంలో, 1940ల తొలినాళ్లలో ఖాజా మహమ్మద్ అహ్మద్ ఆధ్వర్యంలో ఇక్కడ తొలి తవ్వకాలు జరిగాయి. ఆ తర్వాత చాలా ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు. 2001 నుంచి పురావస్తు శాఖ మళ్లీ తవ్వకాలు మొదలుపెట్టడంతో ఫణిగిరి పేరు ప్రపంచానికి తెలిసింది.

2003లో ఇక్కడ శిల్పాలు చెక్కిన తోరణపు దూలాలు దొరికాయి. స్తూపం ముందు నిలబెట్టే రాతి తోరణం అనగానే అందరికీ సాంచీ గుర్తొస్తుంది. సాంచీకి దక్షిణాన అలాంటి తోరణం బయటపడటం అదే మొదటిసారి. బుద్ధుడిని పాదముద్రలు, ధర్మచక్రం, బోధివృక్షం వంటి గుర్తులతో చూపే పాత పద్ధతి, మనిషి రూపంలో చూపే కొత్త పద్ధతి ఫణిగిరి శిల్పాల్లో రెండూ కనిపిస్తాయి. భారతీయ శిల్పకళలో జరిగిన ఓ పెద్ద మార్పును ఇక్కడి రాళ్ల మీద కళ్లారా చూడొచ్చు.

ఇక్కడ దొరికిన శాసనాల్లో ఒకటి ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుని 18వ పాలనా సంవత్సరం నాటిది. రాజుగారి ప్రధాన వైద్యుడు ధర్మచక్ర స్తంభాన్ని నిలబెట్టిన సంగతి అందులో ఉంది. పద్యాల్లో రాసిన శాసనం కావడంతో బౌద్ధ సాహిత్యం చదివే విదేశీ పండితులు కూడా దాన్ని ప్రత్యేకంగా పరిశీలించారు. ఈ రాజు అన్నేళ్లు పాలించాడన్న విషయం కూడా ఈ శాసనం వల్లే తెలిసింది.

2024లో జరిగిన తవ్వకాల్లో ఓ మట్టి కుండ బయటపడింది. జానెడు కూడా లేని ఆ గుండ్రటి కుండలో 3,730 సీసపు నాణేలు ఉన్నాయి. ఒక వైపు ఏనుగు, రెండో వైపు ఉజ్జయినీ చిహ్నం. అవి ఇక్ష్వాకుల కాలం నాటివని, అంటే క్రీస్తుశకం 3, 4 శతాబ్దాలవని పురావస్తు శాఖ తేల్చింది. బంగారం, వెండి నాణేలు పెద్ద వ్యాపారాలకు పనికొస్తాయి. సీసపు నాణెం సంతలో ఉప్పు, పప్పు కొనుక్కునే చిల్లర. భిక్షువులు ధ్యానం చేసుకున్న గుట్ట మీద అన్ని వేల చిల్లర నాణేలు దాచారంటే, ఆ రోజుల్లో ఇక్కడికి భక్తులు, వర్తకులు ఎంతగా వచ్చిపోయేవారో ఊహించుకోవచ్చు.

2023లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం తొలినాటి బౌద్ధ కళ మీద ‘ట్రీ అండ్ సర్పెంట్’ అనే ప్రదర్శన పెట్టింది. అందులో ఫణిగిరి శిల్పాలకూ చోటు దక్కింది. తర్వాత ఆ ప్రదర్శన దక్షిణ కొరియా రాజధాని సియోల్‌కు వెళ్లింది. రెండు ఖండాల జనం వరుస కట్టి చూసిన ఆ శిల్పకళ పుట్టిన గుట్ట, సూర్యాపేట నుంచి గంట ప్రయాణంలో ఉంది.

పిల్లలమర్రి గుళ్లు

సూర్యాపేట పొలిమేరల్లోనే ఉంది పిల్లలమర్రి. కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లలో ఒక శాఖకు ఇది కేంద్రం. ఇక్కడి ఎరకేశ్వరాలయాన్ని రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసాని 1208లో కట్టించింది. యునెస్కో వారసత్వ హోదాతో ప్రపంచ ప్రఖ్యాతి పొందిన రామప్ప గుడి 1213 నాటిది. దాన్ని కట్టించిన రేచర్ల రుద్రుడిదీ ఇదే వంశం. అంటే రామప్పకు ఐదేళ్ల ముందే ఈ ఊళ్లో ఓ స్త్రీ తన పేరున శివాలయం నిలబెట్టింది. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా ఆ గుడిని ఆమె పేరుతోనే పిలుస్తున్నారు.

ఎరకేశ్వరంతో పాటు నామిరెడ్డి కట్టించిన నామేశ్వరాలయం, త్రికూటేశ్వరాలయం, చెన్నకేశవాలయం కూడా ఇక్కడ ఉన్నాయి. గుళ్లన్నీ ఎత్తైన అరుగుల మీద లేచాయి. మండపాల్లో నల్లరాతి స్తంభాలను చెక్కి, నునుపు దేల్చి నిలబెట్టారు. వేసవి మధ్యాహ్నం అరచేయి ఆనిస్తే చల్లగా తగులుతాయి. వాటి మీద నాట్యం చేసే స్త్రీలు, మద్దెల వాయించేవాళ్లు కొలువుదీరారు. కాకతీయుల కాలం నాటి గోడచిత్రాలు తెలుగు నేల మీద బహు కొద్ది చోట్లే మిగిలాయి. ఆ కొద్ది చోట్లలో పిల్లలమర్రి ఒకటి. క్షీరసాగర మథనం చిత్రం రంగు వెలిసిపోయినా గీతలు ఇంకా పోల్చుకునేలా ఉన్నాయి. దేవతలు, రాక్షసులు పాము తాడును చెరోవైపు లాగుతుంటారు.

ఇక్కడి శాసనాల్లో ఒకటి 1195 నాటిది, కాకతి రుద్రదేవుని కాలంలో వేయించినది. 1208 నాటి గణపతిదేవుని శాసనం తెలుగు, కన్నడ భాషల్లో ఉంది. శృంగార శాకుంతలం, జైమినీ భారతం రాసిన పిల్లలమర్రి పినవీరభద్రుడు ఈ ఊరివాడేనని ఇక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు.

పెన్‌పహాడ్ మండలంలోని నాగులపాడు ఆలయాలు కూడా ఇదే రేచర్ల వారి కాలానివి. కాకతీయుల శిల్పాన్ని ఇష్టపడేవాళ్లు పిల్లలమర్రితో ఆగిపోకుండా అక్కడి దాకా వెళ్లాలి.

నదుల ఒడ్డున

మిర్యాలగూడ నుంచి దామరచర్ల మీదుగా వెళ్తే వాడపల్లి వస్తుంది. హైదరాబాద్ నడిబొడ్డు నుంచి ప్రవహించి వచ్చిన మూసీ ఇక్కడే కృష్ణలో కలుస్తుంది. సంగమం ఒడ్డున మీనాక్షీ అగస్త్యేశ్వరస్వామి, లక్ష్మీనరసింహస్వామి ఆలయాలున్నాయి. అగస్త్యేశ్వరుని లింగం పైభాగంలో ఓ గుంట ఉంటుంది. అందులో నీరు ఎప్పుడూ నిలిచే ఉంటుందని భక్తులు చెబుతారు. నరసింహస్వామి గర్భగుడిలో స్వామి ముక్కు ఎదుట ఉన్న దీపం రెపరెపలాడటాన్ని స్వామి ఊపిరి అంటారు.

కృష్ణ వెంబడి కిందికి వెళ్తే మట్టపల్లి. అక్కడా లక్ష్మీనరసింహుడే. నది గట్టుకు ఆనుకుని ఉన్న ఈ క్షేత్రం పులిచింతల జలాశయపు వెనుక నీళ్లు చేరే చోట ఉంది. అందుకే రక్షణ గోడ కట్టి గుడిని కాపాడుకున్నారు. మేళ్లచెర్వులో స్వయంభూ శంభులింగేశ్వరస్వామికి శివరాత్రి నాడు పెద్ద జాతర జరుగుతుంది. ఎడ్ల పందేలు చూడటానికి రెండు రాష్ట్రాల రైతులూ తరలివస్తారు.

పాలకీడు మండలంలోని జాన్‌పహాడ్ దర్గా ఈ ప్రాంతపు మనసును చూపిస్తుంది. జనవరిలో జరిగే ఉర్సుకు ముస్లింలు, హిందువులు కలిసే వస్తారు. జాన్‌పహాడ్ సైదులుకు మొక్కుకుంటే సంతానం కలుగుతుందని, పంట చేతికొస్తుందని నమ్మకం. అలా పుట్టిన పిల్లలకు ఆయన పేరే పెడతారు. అందుకే హుజూర్‌నగర్, మిర్యాలగూడ, కోదాడ పల్లెల్లో హిందూ ఇళ్లలో కూడా సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి వంటి పేర్లు మామూలుగా వినిపిస్తాయి. బడిలో టీచరు హాజరు పిలిస్తే రెండు మతాల కలయిక ఆ పేర్లలోనే వినపడుతుంది.

సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి దగ్గర రహదారి ఒడ్డునే ఉంది పెద్దగట్టు. రెండేళ్లకోసారి మాఘమాసంలో ఈ గట్టు మీద లింగమంతులస్వామి జాతర జరుగుతుంది. గొల్లకురుమలు జరుపుకునే ఈ జాతర తెలంగాణలో మేడారం తర్వాత అంత పెద్దది. కేసారం నుంచి దేవతామూర్తులున్న దేవరపెట్టె వస్తుంది. భేరీలు మోగుతుండగా, కటార్లు ఆడిస్తూ, ‘ఓ లింగా, ఓ లింగా’ అని అరుస్తూ జనం గట్టెక్కుతారు. జాతర రోజుల్లో జాతీయ రహదారి మీద వెళ్లే బండ్లను దారి మళ్లిస్తారు. హైదరాబాద్ నుంచి వచ్చేవాటిని నార్కట్‌పల్లి దగ్గరే ఆపి నల్లగొండ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మీదుగా కోదాడకు పంపుతారు. గొర్రెల కాపరుల దేవుడి కోసం రెండు రాష్ట్రాల రాకపోకలు దారి మార్చుకుంటాయి.

మునగాల పరగణా, చిలుకూరు సభ

కోదాడ పక్కనున్న మునగాల చరిత్ర విచిత్రమైనది. చుట్టూ నిజాం రాజ్యం ఉంటే, మధ్యలో మునగాల పరగణా మాత్రం బ్రిటిష్ వాళ్ల కృష్ణా జిల్లాలో భాగంగా ఉండేది. పక్క ఊరికి వెళ్తే రాజ్యం మారేది, చట్టం మారేది, చివరికి రూపాయి కూడా మారేది. నిజాం రాజ్యంలో చెల్లేది హాలీ సిక్కా మరి. 1959లో గానీ మునగాల నల్లగొండ జిల్లాలో కలవలేదు.

ఈ చిన్న సంస్థానం తెలుగు జాతికి చేసిన సేవ చాలా పెద్దది. మునగాల రాజా నాయని వెంకటరంగారావు, ఆయన దివాను కొమర్రాజు వెంకట లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు వంటివారు కలిసి 1901 సెప్టెంబరు 1న హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయాన్ని స్థాపించారు. తెలుగు బడికి, తెలుగు పుస్తకానికి ఆదరణ లేని రోజుల్లో నిజాం రాజధానిలో వెలసిన తెలుగు గ్రంథాలయం అది. వీళ్ల చొరవతోనే 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి మొదలైంది. ఆ మండలి వేసిన తొలి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ జీవిత చరిత్ర. బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా అధ్యక్షుడి కథను తెలుగువాళ్లు చదువుకోవడంలో మునగాల రాజు, దివానుల చెయ్యి ఉంది. నడిగూడెంలోని మునగాల రాజావారి కోట నేటికీ ఉంది. పింగళి వెంకయ్య కొన్నేళ్లు రాజావారి ఆశ్రయంలో నడిగూడెంలో ఉండి వ్యవసాయ పరిశోధనలు చేశారు. ఆయన జాతీయ జెండా ఆలోచన ఇక్కడే రూపు కట్టిందని ఊరివాళ్ల నమ్మకం.

అదే పరగణాలో 1930ల్లో రైతులు జమీందారీ మీద తిరగబడ్డారు. పుస్తకాలకు చేయూతనిచ్చిన సంస్థానంలోనే శిస్తు భారం మోయలేని రైతు రోడ్డెక్కాడు. ఆ రెండింటినీ కలిపి చెప్పుకుంటేనే మునగాల చరిత్ర పూర్తవుతుంది.

కోదాడ సమీపంలోని చిలుకూరులో 1941లో ఎనిమిదో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ జరిగింది. రావి నారాయణరెడ్డి దానికి అధ్యక్షుడు. అంతవరకు భాష, చదువు, సంస్కరణల గురించి మాట్లాడిన మహాసభ ఆ తర్వాతి ఏళ్లలో వెట్టిచాకిరీ, భూమి సమస్యల మీదికి మళ్లి, సంఘంగా పల్లెల్లోకి వెళ్లింది.

గడీల మీద తిరుగుబాటు

సూర్యాపేట తాలూకా తెలంగాణ సాయుధ పోరాటానికి గుండెకాయ. ఎర్రపహాడ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కింద లక్షన్నర ఎకరాల భూమి ఉండేదని పోరాట చరిత్రలు చెబుతాయి. దొర గడీలో వెట్టి చెయ్యని కులం లేదు. చాకలి బట్టలుతకాలి, కుమ్మరి కుండలివ్వాలి, గొల్ల గొర్రెపిల్లనివ్వాలి, అందరూ దొర పొలం దున్నాకే తమ పొలం దున్నుకోవాలి. 1946లో ఈ వెట్టి మీద మొదలైన తిరుగుబాటు 1951 అక్టోబరులో విరమించే వరకు సాగింది. సుమారు మూడు వేల గ్రామాలు దొరల చేతుల్లోంచి బయటపడ్డాయని, పది లక్షల ఎకరాలు పంచారని, నాలుగు వేల మంది ప్రాణాలర్పించారని పోరాట నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య లెక్క కట్టారు.

తుంగతుర్తి దగ్గరి కర్విరాల కొత్తగూడెం నుంచి ఒకే ఇంట్లోని అన్నాచెల్లెళ్లు ఈ పోరాటంలోకి దూకారు. అన్న భీమిరెడ్డి నరసింహారెడ్డి దళాలకు నాయకుడయ్యారు. చెల్లెలు మల్లు స్వరాజ్యం భూస్వామి కుటుంబంలో పుట్టి, తమ ఇంటి ధాన్యం కూలీలకు పంచి, తుపాకీ పట్టారు. ఆమెను పట్టిస్తే పదివేల రూపాయలిస్తామని నిజాం ప్రభుత్వం ప్రకటించింది. స్వాతంత్ర్యానంతరం ఆమె తుంగతుర్తి ఎమ్మెల్యేగా రెండుసార్లు గెలిచారు. 2022 మార్చి 19న కన్నుమూశారు. సూర్యాపేటలో విద్యార్థుల హాస్టల్ నడిపి ఆ తరం యువకులను ఉద్యమం వైపు నడిపించిన బొమ్మగాని ధర్మభిక్షం 1952లో శాసనసభకు ఎన్నికయ్యారు. గీతకార్మికుల హక్కుల కోసం జీవితాంతం పనిచేశారు.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి కదిలినప్పుడు తూర్పు దళాలు విజయవాడ దారినే వచ్చాయి. ఆ ఉదయమే కోదాడ చేరాయి. తర్వాత సూర్యాపేటను పట్టుకున్నాయి. వెనక్కి తగ్గుతున్న నిజాం సైన్యం మూసీ వంతెనను పేల్చేసింది. భారత సైన్యం దాన్ని త్వరగానే బాగుచేసుకుని ముందుకు సాగింది. సెప్టెంబరు 17 సాయంత్రానికి నిజాం లొంగిపోయాడు. ఇవాళ నాలుగు వరుసల రహదారి మీద హాయిగా వెళ్లే కార్లన్నీ ఆ సైన్యం వచ్చిన దారిలోనే వెళ్తున్నాయి.

కాలువ తెచ్చిన మార్పు

1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. లాల్ బహదూర్ కాలువ అని పేరున్న ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల మీదుగా ఖమ్మం వైపు సాగుతుంది. జొన్న, సజ్జ, ఆముదం పండే మెట్ట చేలల్లో రెండు పంటల వరి వచ్చింది. ధాన్యం పెరగ్గానే మిల్లులు పెరిగాయి. నేడు మిర్యాలగూడ పేరు చెబితే దక్షిణాదిలో బియ్యం వ్యాపారులందరికీ రైసు మిల్లులే గుర్తొస్తాయి. కోతల కాలంలో ఊరి బయట ధాన్యం ట్రాక్టర్లు మైళ్ల పొడవున బారులు తీరతాయి. మిల్లుల్లో హమాలీ పని కోసం బీహార్ నుంచి కూడా కూలీలు వస్తున్నారు.

ఈ నీటికీ ఫణిగిరికీ ఓ సంబంధం ఉంది. ఫణిగిరి కుండలో నాణేలు దాచిన కాలంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. అది నాగార్జునకొండ లోయలో ఉండేది. సాగర్ కట్టే ముందు పురావస్తు శాఖ అక్కడ హడావుడిగా తవ్వకాలు జరిపి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికి తరలించింది. మిగతా రాజధాని అంతా నీళ్ల కింద ఉండిపోయింది. పొలాల పచ్చదనం కోసం ఆ లోయ అలా మునగక తప్పలేదు. అందువల్ల ఇక్ష్వాకుల కాలపు ఆనవాళ్లను అసలు చోటనే చూడగలిగే ఫణిగిరి లాంటి స్థలాల విలువ ఇంకా పెరిగింది.

కాపాడుకోవాల్సినవి

సూర్యాపేట ప్రజలు తమ చరిత్రను మరిచిపోయే రకం కాదు. గల్వాన్ లోయలో 2020 జూన్ 15న అమరుడైన కల్నల్ సంతోష్‌బాబు ఈ ఊరివాడే. సరిగ్గా ఏడాది తిరిగేసరికి పట్టణ కూడలిలో ఆయన విగ్రహం లేచింది. మహావీరచక్ర పొందిన ఆ వీరుడికి దారిన పోయే వాళ్లంతా దండం పెడతారు. అదే శ్రద్ధ పిల్లలమర్రి గోడచిత్రం మీదా, ఫణిగిరి శిల్పాల మీదా, నడిగూడెం కోట మీదా చూపించాల్సిన సమయం వచ్చింది.

కోదాడ, మిర్యాలగూడల నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన కుటుంబాలకు ఈ మాట సులభంగా అర్థమవుతుంది. అక్కడ తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే లౌడన్, ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలున్న వర్జీనియాలో రోడ్ల పక్కన చారిత్రక ఫలకాలు నిలబెట్టే పని 1927లోనే మొదలైంది. ఓ పాత బడి, ఓ యుద్ధం జరిగిన పొలం, ఓ నాయకుడు పుట్టిన ఇల్లు ఎక్కడుంటే అక్కడ నాలుగు వాక్యాల ఫలకం కనిపిస్తుంది. కారు ఆపి చదివే పిల్లలకు తమ కౌంటీ చరిత్ర దానంతట అదే వంటబడుతుంది. అక్కడి చరిత్ర చాలావరకు మూడు నాలుగు వందల ఏళ్లది. ఇక్కడ లెక్క వేలల్లో ఉంది.

చెయ్యాల్సిన పనులు పెద్దవేమీ కావు. జాతీయ రహదారి మీద ఫణిగిరికి, పిల్లలమర్రికి, నడిగూడేనికి, చిలుకూరుకు తెలుగులో పెద్ద బోర్డులు పెట్టాలి. ఫణిగిరిలో దొరికిన వాటిని ఫణిగిరిలోనే భద్రంగా చూపించే మ్యూజియం కావాలి. పిల్లలమర్రి చిత్రాలకు ఆ పని తెలిసిన సంరక్షకులు కావాలి. పోరాటం సాగిన ఊళ్లలో బతికున్న వృద్ధుల మాటలను ఇప్పుడే రికార్డు చేసుకోవాలి. ప్రతి హైస్కూలు ఏడాదికోసారి పిల్లలను వీటిలో ఒక చోటికైనా తీసుకెళ్లాలి. ప్రభుత్వం ఒక్కటే చేస్తుందని కూర్చుంటే కాదు, పంచాయతీలు, మిల్లర్ల సంఘాలు, విదేశాల్లో ఉన్న ఊరివాళ్లు తలా ఓ చెయ్యి వేస్తేనే ఇవి నిలుస్తాయి. ఈసారి విజయవాడ వెళ్లేటప్పుడు సూర్యాపేటలో బండి ఆపినవాళ్లు, చాయ్ తాగాక ఓ గంట తీసుకుని పిల్లలమర్రి చూసి వెళ్లండి. పిల్లలను వెంట తీసుకెళ్లండి.